ఈ తోటకి నీళ్ళు మోస్తున్నదెవరు?

'స్వచ్ఛందంగా' అన్న మాటతో నాకు పేచీ ఉంది. స్త్రీల చేతులు పనిచేసే ప్రతిచోటా ఈ మాట ముందే వచ్చి కూర్చుంటుంది. మగవాళ్ళు చేసే పనికి కూలి, జీతం, కాంట్రాక్టు అని రకరకాల పేర్లున్నాయి. స్త్రీలు చేసేదానికి మాత్రం ప్రేమ, సేవ, త్యాగం. ఈమధ్య కొత్తగా సాధికారత. అరకు కొండల్లోని పోషకాహార తోటల గురించి రాద్దామని కూర్చుంటే మొట్టమొదట ఈ మాటే అడ్డం వచ్చింది.

ఈ తోటలు ఎలా వచ్చాయో క్లుప్తంగా చెప్తాను. 2018 మార్చి 8న, ఏరికోరి మహిళా దినోత్సవం నాడే, కేంద్ర ప్రభుత్వం పోషణ్ అభియాన్ ప్రారంభించింది. అంగన్‌వాడీల ఆవరణలో కూరగాయల తోటలు వెయ్యడం క్రమంగా ఆ కార్యక్రమంలో భాగమైంది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం కూడా స్త్రీల పొదుపు సంఘాల మీదుగానే ఊళ్ళలోకి వెళ్ళింది. పెరటితోట అందులో ముఖ్యాంశం. వీటికి తోడు చిన్నా పెద్దా స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. కొంత జాగా, కొన్ని విత్తనాలు, ఒక బోర్డు, పదిమంది ఆడవాళ్ళు. పండింది గర్భిణులకి, బాలింతలకి, ఒంటరి ముసలివాళ్ళకి.

మంచి పనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట మునగాకూ బచ్చలీ పెంచవద్దని ఎవరంటారు? నా అభ్యంతరం తోట మీద కాదు, తోట చుట్టూ కట్టిన కథ మీద.

అరకులోయ నుంచి లోపలికి వెళ్ళాక ఒక ఊళ్ళో అలాంటి తోట చూశాను. కొండవాలులో పావెకరం కూడా లేని చెక్క. ఆనప పాదు, చిక్కుడు పందిరి, అంచుల్లో కర్రపెండలం. చాలా ముచ్చటగా ఉంది. గెడ్డ బాగా కిందికుంది. వేసవిలో రోజూ పొద్దున్న, సాయంత్రం బిందెలతో నీళ్ళు మోస్తారు, వంతులవారీగా. ఇంటికి మోసే నీళ్ళు కాక ఇవి. ఈ భూమి ఎవరిదని అడిగాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకామె ఆదివాసీ ఒడియాలో ఏదో అంటే అంగన్‌వాడీ కార్యకర్త నాకు తెలుగులో చెప్పింది: "మా బావగారిది మేడమ్. ఇమ్మంటే ఇచ్చాడు. రేపు కాఫీ వేసుకుంటానంటే తీసేసుకుంటాడు." బోర్డు మీద దాత పేరుంది, పథకం పేరుంది. నీళ్ళు మోసే వాళ్ళ పేర్లు లేవు. ఏ కాగితం మీదా లేవు.

ఇచ్చిపుచ్చుకోవడం ఆదివాసీ సంస్కృతిలోనే ఉంది కదా, దానికి మీరు కూలి లెక్కలు కడతారేమిటి అని కొందరు మిత్రులు నన్ను కోప్పడ్డారు. నిజమే, ఉంది. అయితే ఆ సంస్కృతి గాలిలో బతకలేదు. దాని కింద పోడు భూమి ఉంది, అడవి ఉంది. సామ, చోడి, కొర్ర, కంది, వలిసె కలిపి చల్లిన చేలో ఏ గింజ విత్తనానికి దాచాలో, ఏది వంటకి తియ్యాలో చూసుకున్నది చాలావరకు స్త్రీలే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఆ పోడు క్రమంగా నేరమైంది. 1922-24 మన్యం తిరుగుబాటు వెనకున్న కడుపుమంటల్లో అదొకటి. ఆ తిరుగుబాటు నాయకుడి పేరు 2022లో ఈ జిల్లాకి పెట్టుకున్నాం. కొండ మీద హక్కు మాత్రం ఇంకా ముక్కలుముక్కలుగానే తిరిగి వస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఉండాలని స్పష్టంగా చెప్పింది. ఒంటరి స్త్రీకి ఆమె పేరనే ఇవ్వాలి. నేను చూసిన ఆ చెక్కకి ఏ స్త్రీ పేరనా పట్టా లేదు. కొండంతా చూసుకున్న మనుషులకి బావగారి దయ మీద పావెకరం ఇచ్చి, దాన్ని సాధికారత అనమంటే ఎలా?

అదే కొండ మీద కాఫీ సంగతి చూడండి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు సంతోషమే. పాడేరు ఐటీడీఏ పరిధిలో కాఫీ తోటలు పెంచడానికి ఉపాధి హామీ నిధులు కూడా వాడారు, అంటే గొయ్యి తవ్వినవాళ్ళకి కూలి ముట్టింది. మొక్క నాటడానికి గొయ్యి తవ్వడం పని అయినప్పుడు మొక్క బతకడానికి బిందె మొయ్యడం ఎందుకు పని కాలేదు? కాఫీ మార్కెట్టుకి పోతుంది, ఆనపకాయ పక్క ఇంటికి పోతుంది. ఒకదానికి మస్టరు, రెండోదానికి చప్పట్లు.

ఈ చప్పట్ల ఆర్థికశాస్త్రం ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవాలంటే అంగన్‌వాడీల చరిత్ర చాలు. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ వాళ్ళు 'గౌరవ' కార్యకర్తలు. జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరులో రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకి నెలకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. నలభై రోజులకి పైగా రోడ్ల మీద కూర్చున్నారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే మీరు స్వచ్ఛంద కార్యకర్తలు, పని మానితే మీది అత్యవసర సేవ! వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అదైనా కోర్టుకెక్కితే వచ్చిందే. ఇప్పుడు ఆ అంగన్‌వాడీ ఆవరణలోనే తోట కూడా. ఆ తోట పని ఏ గంటల్లో చెయ్యాలో ఎవరూ చెప్పరు. (2019 నుంచి కొన్నేళ్ళు ఈ రాష్ట్రంలో గ్రామ వాలంటీర్లకి నెలకి 5,000 ఇచ్చారు. అంటే డబ్బులిచ్చినా 'వాలంటీర్' అన్న మాట చెడిపోదన్నమాట.)

అంతకన్నా ప్రమాదకరమైన విషయం మరొకటుంది. వేలిముద్ర పడక రేషను ఆగిపోయిన ముసలమ్మకి తోటలోంచి కూర వెళుతుంది. మన నివేదికలో ఆమె 'లబ్ధిదారు'. కానీ ఆ బియ్యం 2013 ఆహార భద్రతా చట్టం కింద ఆమె హక్కు. అంత్యోదయ కార్డుంటే నెలకి 35 కిలోలు. ఆ బియ్యం ఎందుకు ఆగాయని డిపోలో, మండలాఫీసులో నిలదీయాల్సిన మనం ఆనపకాయతో ఫొటో తీసుకుని వచ్చేస్తే, ఆకలి ఎవరి బాధ్యత అన్న ప్రశ్న చల్లగా పక్కకి తప్పుకుంటుంది. నెల్లూరు జిల్లాలో 1992లో సారాకి వ్యతిరేకంగా దుకాణాల మీదికి వెళ్ళిన స్త్రీలని కొన్నాళ్ళకే పొదుపు పుస్తకాల ముందు కూర్చోబెట్టడం మన ముందుతరం చూసింది. రాజ్యానికి ఈ విద్య బాగా తెలుసు.

మరి స్త్రీలు ఉమ్మడిగా పండించి లేనివాళ్ళకి పెట్టడం ఇంకోలా సాధ్యమా? సాధ్యమే. అందుకు ఈ కొండలు దాటి మెదక్ మెట్ట నేలలకి వెళ్ళాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల నడుమ సామూహిక ధాన్య నిధి నడిపారు. బీడుపడిన తమ భూముల్ని సాగులోకి తెచ్చుకోవడానికి ఎకరానికింతని అప్పు తీసుకున్నారు. దాన్ని డబ్బుగా కాక జొన్నలుగా, కొన్నేళ్ళపాటు తిరిగి కట్టారు. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవ చేసి, అందరికంటే పేదవాళ్ళెవరో సంఘమే తేల్చి, వాళ్ళకి తక్కువ ధరకి అమ్మారు. ఇక్కడ భూమి స్త్రీలది. సాగుకి పెట్టుబడి వచ్చింది. ఎవరికి పెట్టాలన్న నిర్ణయం కూడా వాళ్ళదే. 2020 లాక్‌డౌన్‌లో జహీరాబాద్‌లో పనిచేస్తున్న సిబ్బందికి ఆ స్త్రీలే జావ కాచి పోశారు. చేతిలో గింజ ఉన్నవాళ్ళు పెట్టడానికీ, చేతిలో ఏమీ లేనివాళ్ళ చేత పెట్టించడానికీ చాలా తేడా ఉంది.

కూలి ఇస్తే సేవాభావం పోతుందని ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆయన ఆ సంస్థలో జీతానికే పనిచేస్తున్నారు. ఆయన సేవాభావానికి ఏ లోటూ రాలేదు. ప్రాజెక్టులో కూలికి పద్దు లేదని ఇంకొకరన్నారు. బోర్డుకి పద్దు ఉంది, ప్రారంభోత్సవానికి వచ్చిన వాహనాలకి ఉంది.

తోట చెక్కకి స్త్రీల పేరన హక్కు కాగితం కావాలి. కొండల్లో ఊటనీళ్ళని గొట్టాల ద్వారా కిందికి తేవడం ఈ ప్రాంతంలో కొత్త విద్యేమీ కాదు. ఊరికి తెచ్చినట్టే తోటకీ తేవాలి. తోట పనికి మస్టరు వెయ్యాలి. ఎవరికి పెట్టాలో, ఎంత అమ్ముకోవాలో, అసలు తోట వెయ్యాలో వద్దో పండించే స్త్రీలూ తినే స్త్రీలూ గ్రామసభలో కూర్చుని తేల్చుకోవాలి. 1996 పెసా చట్టం ఈ కొండల్లో గ్రామసభకి ఇచ్చిన స్థానం పీటలేసి ఫొటోలు తీయడానికి కాదు.

ఈలోగా మన వంతు పని ఒకటుంది. ఈసారి తోట చూడ్డానికి వెళ్ళినప్పుడు ఎన్ని మడులు, ఎన్ని కిలోలు, ఎందరు లబ్ధిదారులు అన్న గడుల పక్కన మరో మూడు గడులు నింపండి: భూమి ఎవరి పేరనుంది, నీళ్ళు ఎవరు ఎన్ని బిందెలు మోశారు, అందుకు వాళ్ళకి ఎంత ముట్టింది. ఫారంలో ఆ గడులు లేకపోతే చేత్తో గీయండి.