ఆ పదో మనిషి ఎవరు?

ఏటా ఏప్రిల్ రాగానే మా ఖాలూ ఒక ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మా ఇంటికి వచ్చేవారు. ఖాలా చేసిన ఖుబానీ కా మీఠా డబ్బా రిష్వత్‌గా వెంట ఉండేది. "బేటా, జరా లిఖ్ దే" అని ఫారం నా ముందు పెట్టి, ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాడిలా కుర్చీ అంచున కూర్చునేవారు.

అది సెల్ఫ్ అప్రైజల్ ఫారం. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న పెద్ద పబ్లిక్ సెక్టార్ కంపెనీల్లో ఒకదానిలో ఆయన ఉద్యోగం. పేరు రాయను. ఉర్దూ మీడియం బడి, ఆ తర్వాత ఐటీఐ, అప్రెంటిస్, ఫిట్టర్, సూపర్‌వైజర్, చివరి పదేళ్లు చిన్న ఆఫీసర్. షాప్ ఫ్లోర్ మీద మిషన్ల మెయింటెనెన్స్ ఆయన చేతిలో ఉండేది. ఫారంలో ఒక గడి ఉండేది: ఈ ఏడాది మీరు సాధించిన విశేష విజయాలేమిటి? అని. ఖాలూ ఆ గడి వైపు చూసి తల గోక్కునేవారు.

"క్యా లిఖూఁ? మిషన్ ఆగలేదు. అదే రాయి."

ఆగకపోవడం విజయం ఎలా అవుతుంది ఖాలూ, అంటే నవ్వేవారు. బేరింగ్ పోకముందే దాని చప్పుడు బట్టి కనిపెట్టి, ఆదివారం పూట మార్చేసి, సోమవారం షిఫ్టుకు ఎవరికీ ఏమీ తెలియకుండా చేయడమే ఆయన పనితనం. అంటే పని బాగా జరిగితే కాగితం మీద ఏమీ కనిపించదు. పని చెడి, మిషన్ మూడు రోజులు ఆగి, నాలుగో రోజు హడావుడిగా బాగుచేసినవాడికి మాత్రం ఆ గడి నిండా రాసుకోవడానికి కథ ఉంటుంది. నేను జర్నలిస్టుని కదా, జరగని సంగతులకు హెడ్డింగ్ పెట్టడం మా వృత్తిలో కొత్త కాదు. "అంతరాయం లేని ఉత్పత్తికి తోడ్పాటు" లాంటి ముక్కలు ఇంగ్లీషులో నాలుగు అల్లి ఇచ్చేవాణ్ణి. ఆ మాటల కింద ఖాలూ ఉర్దూలో నేర్చుకున్న చేత్తో ఇంగ్లీషు దస్తఖత్ పెట్టేవారు. మంచి గ్రేడే వచ్చేది. అది ఆయన పనికి వచ్చిందో నా ఇంగ్లీషుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇంగ్లీషు రాసిచ్చే అల్లుడో మేనల్లుడో లేని ఫిట్టర్ల మాటేమిటి అని ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

మన ఇళ్లలో చిన్నప్పుడే చెబుతారు. ప్రతి మనిషి భుజాల మీద ఇద్దరు ఫరిష్తాలు, కిరామన్ కాతిబీన్, మంచీ చెడూ రాస్తూ ఉంటారని. ఖయామత్ రోజున ఆ నామా-ఎ-ఆమాల్ ఎవరిది వాళ్ల చేతికే ఇస్తారు. ఎవరి కితాబ్ వాళ్లే చదువుకోవాలి. దునియాలో ఆఫీసులు మాత్రం చాలా కాలం ఇందుకు ఉల్టా నడిచాయి. రిపోర్టింగ్ ఆఫీసర్ రాస్తాడు, రివ్యూయింగ్ ఆఫీసర్ దిద్దుతాడు, రాయబడినవాడికి చూపించరు. పేరులోనే ఉంది కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్ అని. మరీ చెడ్డ మాట రాస్తే తప్ప కబురు చేయరు. అందులో ఒక కిటుకు ఉంది. ప్రమోషన్‌కు "వెరీ గుడ్" కావాలనుకోండి, మీకు "గుడ్" రాస్తారు. వినడానికి అది మెచ్చుకోలు, ప్రమోషన్ దగ్గర అది కత్తి. అది చెడ్డ మాట కాదు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు!

ఇదే సవాల్‌తో దేవ్ దత్ అనే ఇంజనీరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2008 మే నెలలో కోర్టు ఇచ్చిన ఫైసలా ఏమిటంటే, రాసింది మంచైనా చెడైనా మధ్యరకమైనా ప్రతి ఎంట్రీ ఉద్యోగికి చెప్పి తీరాలి, దాని మీద అర్జీ పెట్టుకునే హక్ ఇవ్వాలి. మిలిటరీని మినహాయించి, ప్రభుత్వ రంగ సంస్థలకు కూడా ఇది వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. 2009లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల రిపోర్టు మొత్తం చూపించాలనీ, అభ్యంతరం చెప్పడానికి 15 రోజులు ఇవ్వాలనీ ఉత్తర్వు ఇచ్చింది. 2013 ఏప్రిల్‌లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దేవ్ దత్ తీర్పే సరైనదని ఖాయం చేసింది. నామా-ఎ-ఆమాల్ చేతికి వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్.

కానీ చేతికి వచ్చిన ఆ కాగితం మీద ఉన్నది ఎవరి మాట?

కోర్టు తలుపు తెరిచిన అదే 2008లో ఇంకో దఫ్తర్ ఇంకో తలుపు మూసింది. జస్టిస్ జగన్నాథరావు కమిటీ తర్వాత, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఆఫీసర్ల జీతాలు మారుస్తూ నవంబర్ 26న ఉత్తర్వు వచ్చింది. అందులో పీఆర్పీ, అంటే పనితీరును బట్టి ఇచ్చే సొమ్ము ఉంది. చిన్న గ్రేడ్ల వాళ్లకు మూల వేతనంలో 40 శాతం దాకా రావచ్చు. పిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంట్లో చిన్న మొత్తం కాదది. దానికి షరతు బెల్ కర్వ్. ఆఫీసర్లలో 10 నుంచి 15 శాతం కంటే ఎక్కువ మందికి "అవుట్‌స్టాండింగ్" ఇవ్వకూడదు. 10 శాతం మందికి "బిలో పార్" ఇచ్చి తీరాలి. ఆ కింది పదో వంతుకు పీఆర్పీ సున్నా.

ఇచ్చి తీరాలి అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. పదిమంది ఉన్న సెక్షన్‌లో పదిమందీ ఒళ్లు దాచుకోకుండా పనిచేశారనుకోండి. అయినా ఒకడు నాలాయక్ అని తేల్చాలి. లేకపోతే లెక్క కుదరదు. వందలాది మంది గుణాన్ని కొలిస్తే గ్రాఫ్ గంట ఆకారంలో రావచ్చేమో, ఏరి కోరి ఉద్యోగంలోకి తీసుకున్న పదిమంది ఆ ఆకారంలో ఎందుకుంటారు? వీళ్లు చేసింది మనుషుల్ని కొలిచి గంట గీయడం కాదు. ముందు గంట గీసి, అందులో పట్టేలా మనుషుల్ని కోయడం.

మరి ఎవర్ని కోస్తారు? ఏ మేనేజరూ బుద్ధిపూర్వకంగా జుల్మ్ చేయాలని కూర్చోడు. రోజూ మొహం చూడాల్సిన మనుషులు కదా. అందుకని తక్కువ నొప్పి పుట్టే చోటు వెతుకుతాడు. మొన్ననే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాడు, ఆరు నెలలు కాన్పు సెలవులో ఉన్న ఆమె, పైన సిఫారసు లేనివాడు, నోరు లేనివాడు. అందరికంటే సులువు, రిటైర్మెంట్ దగ్గర పడ్డవాడు. అతనికి ఇక ప్రమోషన్‌తో పని లేదుగా.

2013 వేసవిలో ఖాలూకు ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది. ఒకరోజు సాయంత్రం ఆయన బాస్ స్వయంగా ఇంటికి వచ్చాడు. చిన్నవాడు, ఖాలూ చేతి కింద పని నేర్చుకున్నవాడే. "మీరు నాకు ఉస్తాద్ సాబ్, ఎలా అడగాలో తెలియడం లేదు" అన్నాడట. సెక్షన్‌కు ఒక బిలో పార్ వచ్చింది. మిగతావాళ్లంతా ప్రమోషన్ లైన్లో ఉన్నారు, ఒకసారి ఆ గ్రేడ్ పడితే ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మీరెలాగూ వెళ్లిపోతున్నారు... అని ఆగిపోయాడు. ఖాలూ మురవ్వత్ మనిషి. ఇంటికి వచ్చి అడిగినవాణ్ణి కాదనడం ఆ తరానికి రాదు. "ఠీక్ హై సాబ్, రాసెయ్యండి" అన్నారు. చాయ్ తాగించి పంపారు.

గ్రేడ్ చేతికి వచ్చాక నాకు తెలిసింది. నాకు ఒళ్లు మండింది. ఆ ఏడాది ఫారం రాసింది నేనే! పదిహేను రోజుల గడువుంది, కోర్టు తీర్పు ఉంది, అర్జీ నేను రాస్తాను అని ఖాలూ ముందు కూర్చున్నాను. ఆయన చాలాసేపు ఖామోష్‌గా ఉన్నారు. తర్వాత ఒక్క మాట అడిగారు.

"నేను తప్పుకుంటే ఆ పదో మనిషి ఎవరు బేటా?"

నా దగ్గర జవాబ్ లేదు. మీ గ్రేడ్ పెరగాలంటే ఆ గుంతలోకి ఇంకొకణ్ణి నెట్టాలి. ఖాలూకు వాళ్లందరి పేర్లూ తెలుసు. పిల్లల పేర్లు కూడా తెలుసు. సుప్రీంకోర్టు ఇచ్చిన హక్‌ను కోటా ఇలా మింగేసింది. అర్జీ పెట్టడమంటే తోటివాడి మీద ఫిర్యాదు పెట్టినట్టే అయింది.

అప్రైజల్ మీద మామూలుగా వినే ఆరోపణ, అది బాస్ ఇష్టాయిష్టాల మీద నడుస్తుందని. ఖుషామద్ చేసినవాడికి మార్కులు పడతాయని. నిజమే, ఉంది. పత్రికాఫీసుల్లో డెస్క్ ఇన్‌చార్జ్ మూడ్ ఎలా ఉంటే అప్రైజల్ అలా ఉంటుంది, మేం వేరేవాళ్లను అనే మొహం కాదు. ఆ రోగానికి మందుగానే కొందరు కోటాను సమర్థిస్తారు. కోటా లేకపోతే బాస్‌లు మొహమాటానికి అందరికీ అవుట్‌స్టాండింగ్ వేస్తారు, పనిచేసేవాడికీ చేయనివాడికీ తేడా పోతుంది అంటారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేను. పనిదొంగకూ పనిమంతుడికీ ఒకే గ్రేడ్ ఇవ్వడం కూడా బేఇన్సాఫీయే.

కానీ గ్రేడ్ వేయడం అంటే ఏమిటి? ఒక మనిషి గురించి గవాహీ ఇవ్వడం. మన దీన్‌లో గవాహీ ఒక అమానత్. చూసింది చూసినట్టు చెప్పాలి. సొంతవాళ్లకు వ్యతిరేకమైనా చెప్పాలి, గిట్టనివాడి పట్లా ఇన్సాఫ్ తప్పకూడదు. ఝూటీ గవాహీ పెద్ద గునాహ్‌లలో ఒకటి. మొహమాటంతో అందరికీ అవుట్‌స్టాండింగ్ రాసేవాడు ఝూటీ గవాహీ ఇస్తున్నాడు, సరే. అయితే ఆ తప్పు అతనిది, నిలదీయవచ్చు. కోటా దగ్గర కథ వేరు. నిజాయితీగా చెప్పాలనుకునేవాడి చేత కూడా ఏడాదికొకసారి అబద్ధం రాయిస్తుంది. అదీ రూల్ పుస్తకం ప్రకారం. చాలాచోట్ల దగ్గరుండి పని చూసిన బాస్ వేసిన మార్కును పైన కూర్చున్న కమిటీ లెక్క సరిపోవడానికి మార్చేస్తుంది. ఉద్యోగి వచ్చి ఎందుకిలా అని అడిగితే, తాను చెప్పని గవాహీకి కింది బాస్ జవాబ్ చెప్పుకోవాలి.

పోనీ ఈ గంట మనది కూడా కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు జాక్ వెల్చ్ సీఈవోగా ఉన్నప్పుడు ఖ్యాతికెక్కిన 20-70-10 పద్ధతికి తమ్ముడిది. అక్కడ అడుగు పదిమందిని సాగనంపేవారు. మనం సాగనంపలేం కాబట్టి సొమ్ము ఆపి, ముద్ర వేశాం. అలాంటి పద్ధతినే ఏళ్ల తరబడి నడిపిన మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్‌లో దాన్ని వదిలేసింది. ఖాలూకు ముద్ర పడిన ఏడాదే అది. మన దగ్గర 2017 ఆగస్టు 3 నాటి ఉత్తర్వు వచ్చేదాకా, అంటే దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది, 10 శాతం మందిని కింద పడేయడం తప్పనిసరి కాదని చెప్పడానికి. బెల్ కర్వ్ మానుకునే అధికారం కంపెనీలకే వదిలేశారు. రూల్ పోయింది కానీ అలవాటు అంత తొందరగా పోలేదని ఆ కంపెనీల్లో ఉన్న దోస్తులు చెబుతుంటారు. పైకి కర్వ్ లేదంటారు, లోపల ఏ సెక్షన్‌కు ఎన్ని అవుట్‌స్టాండింగ్‌లో నోటిమాటగా అందుతాయట.

నా మట్టుకు అడిగేది పెద్దదేమీ కాదు. ఏ గ్రేడ్ వేసినా పక్కన ఒక సంఘటన రాయమనండి. ఫలానా నెలలో ఫలానా పని ఇలా చేశాడు, లేక చేయలేదు అని. పై కమిటీ మార్కు మారిస్తే, మార్చినవాళ్లే కారణం రాసి కింద దస్తఖత్ పెట్టాలి. మార్చి నెలాఖరు రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ముప్పై మందికి క్లిక్‌లు కొట్టే బదులు, అక్టోబర్‌లో ఒకసారి మనిషిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. సెల్ఫ్ అప్రైజల్ తెలుగులోనో ఉర్దూలోనో హిందీలోనో రాసుకోనివ్వాలి. మిషన్ ఆగలేదు అన్న మాటకు ఆ ఫారంలో ఒక గడి ఉండాలి.

అదే షాప్ ఫ్లోర్ మీద, అదే మిషన్ పక్కన కాంట్రాక్టు కార్మికులు పనిచేస్తారు. వాళ్లకు ఫారమే లేదు. మంచి రాసేవాడూ లేడు, చెడు రాసేవాడూ లేడు. కాంట్రాక్టర్ మారితే మళ్లీ మొదటి రోజు హాజరీ నుంచే హిసాబ్. దాని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను, ఇన్షా అల్లాహ్.

ఖాలూ రిటైర్మెంట్ ఫంక్షన్‌కు నేనూ వెళ్లాను. శాలువా కప్పింది ఆ బాసే. ఇలాంటి పనిమంతుణ్ణి మళ్లీ చూడలేమని మైకులో అంటుంటే అతని గొంతు బొంగురుపోయింది. అది నటన కాదు, నాకు తెలుసు. ఖాలూ కూడా కళ్లు తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక శాలువా మడిచి సందూక్‌లో పెట్టారు. అందులోనే కింద, 36 ఏళ్ల సర్టిఫికెట్ల పక్కన, ఆ ఏడాది అప్రైజల్ కాపీ కూడా ఉంది. పడేయమని ఖాలా ఎన్నిసార్లు అన్నా పడేయలేదు. మొన్న రంజాన్‌లో ఇఫ్తార్‌కు వెళ్లినప్పుడు అడిగాను, ఎందుకు దాచారని.

"నువ్వు రాసిన ఇంగ్లీషు బాగుంది బేటా" అన్నారు.