ముఫ్త్ దవాఖానాకు ఒక నక్షా కావాలె

మా బస్తీలో ఎవరికి తబియత్ బాగలేకపోయినా రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "సర్కారీ దవాఖానాకు పో, అంతా ముఫ్తే గదా." రెండోది, "అక్కడికి పోతే దినమంతా ఖరాబ్, చివరికి పరీక్షలు బయట చేయించుకొని రమ్మంటారు." రెండూ సచ్చే. ఖూన్ పరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్, దవాలు, రక్తం, అంబులెన్స్, ఆఖరికి మయ్యత్‌ను ఇంటికి చేర్చే బండి దాకా సర్కార్ పెట్టింది. కానీ ఏది ఎక్కడుందో, ఎన్ని గంటలకు తెరుస్తారో, ఏ కాగజ్ పట్టుకొని ఏ ఖిడికీ ముందు నిలబడాలో మరీజ్‌కు చెప్పే దిక్కు లేదు. ముఫ్త్ అన్నమాటకు మానీ తెలియాలంటే ముందు దాని రాస్తా తెలియాలి గదా.

హైదరాబాద్ పాత నగరం వాళ్లకు దవాఖానా కొత్త కాదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉస్మానియాకు ముందే ఒక దవాఖానా ఉండేది. 1908 సెప్టెంబర్ తుగ్యానీలో అది కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటాయాభై మంది దాకా జాన్ బచాయించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనా మీద ఇప్పటి గుంబదుల ఇమారత్ లేచింది. 2020 జులైలో వార్డుల్లోకి నీళ్లొచ్చి ఆ పాత ఇమారత్ ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త దవాఖానాకు పునాది రాయి వేశారు. ఇమారత్ గురించి ఇంత బహస్ జరిగింది, జరగాల్సిందే. కానీ కొత్త ఇమారత్ ఎంత ఊంచా కట్టినా, లోపలికి పోయిన ముసలామె "బేటా, ఖూన్ ఎక్కడ తీస్తారు?" అని నలుగురిని అడగాల్సి వస్తే ఫాయిదా ఏముంది?

పోయిన ఏడాది మా గల్లీలోని ఒక ఖాలాతో నగరంలోని ఒక పెద్ద సర్కారీ దవాఖానాకు పోయిన. ఆమె జర్దోజీ పని చేస్తుంది. షుగర్ ఉంది, కాళ్లకు వాపు వచ్చింది. "పరగడుపున రమ్మన్నారు" అని ఎవరో చెబితే ఫజర్ చదివి, చాయ్ కూడా తాగకుండా బయల్దేరింది. ఓపీ చిట్టీకి ఒక లైను, డాక్టర్ గది ముందు ఒక లైను. డాక్టర్ మంచాయనే, ఓపికగా చూసి ఐదు పరీక్షలు రాసిచ్చాడు. ఆ కాగజ్ పట్టుకొని ఖూన్ తీసే చోటు వెతుక్కొని పోయేసరికి "టైమ్ అయిపోయింది, రేపు రండి" అన్నారు. గేటు దగ్గర ఒక పిల్లగాడు మా చేతిలో చిట్టీ చూసి, "అమ్మీ, ఇదే పరీక్ష ఎదురుగా గంటలో అవుతుంది" అన్నాడు. ఖాలా కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది. రేపు మళ్లీ వస్తే రేపటి మజూరీ పోతుంది, ఇయ్యాల బయట చేయిస్తే వారం మజూరీ పోతుంది. ఆమె వారం మజూరీనే ఎంచుకుంది. "క్యా కర్నా బేటా, రోజ్ రోజ్ కోన్ ఆతా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబ్ లేదు.

తర్వాత ఆ చిట్టీ తీసి చూస్తే కోపం ఇంకా పెరిగింది. ఐదింట్లో ఒక్కదానికే పరగడుపు కావాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి, మూత్రపిండాల సంగతి చెప్పే క్రియాటినిన్‌కు, సీబీపీకి అన్నం తిన్నా పర్వాలేదు. ఖాళీ కడుపు అడిగేది ఫాస్టింగ్ షుగరే. దానికి 8 గంటల ముందు నుంచి నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. నీళ్లు తాగొచ్చు అన్నమాట కూడా ఎవరూ చెప్పరు. షుగర్ మరీజ్ మధ్యాహ్నం దాకా ఎండిన గొంతుతో, కళ్లు తిరుగుతూ కూర్చుంటాడు. ఇక రమ్జాన్‌లో "ఖూన్ ఇస్తే రోజా పోతుందేమో" అని పరీక్షే మానేసేవాళ్లున్నారు. పరీక్ష కోసం తీసే కొద్దిపాటి ఖూన్‌తో రోజా టూటదని ఎక్కువమంది ఉలమా చెప్పిన మాటే. దవా మాన్పించి రోజా ఉండాలా వద్దా అన్నది మాత్రం డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి.

అసలు ఇలాంటి పరీక్షలకు పెద్ద దవాఖానా దాకా పోవాల్సిన జరూరత్ చాలాసార్లు ఉండదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఇందుకే. అక్కడ డాక్టర్ చూసి, నమూనా అక్కడే తీసుకొని తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు పంపుతారు. దాని పెద్ద ల్యాబ్ నారాయణగూడ ఐపీఎం ఆవరణలో 2018లోనే మొదలైంది. రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. పరీక్షల సంఖ్యను 134కు పెంచినట్టు సర్కార్ 2023లో ప్రకటించింది. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ కోసం నగరంలో వేరే మినీ హబ్‌లు కూడా ఉన్నాయి, బస్తీ దవాఖానా డాక్టర్ రాసిస్తే అక్కడికి పోవచ్చు. కానీ మా గల్లీకి అర కిలోమీటర్ దూరంలో ఉన్న బస్తీ దవాఖానాను జనం "జుకామ్ బుఖార్ దవాఖానా" అనే అనుకుంటారు. ఖాలాకు రాసిన ఐదు పరీక్షలూ అక్కడే అయ్యేవి. ఈ సంగతి ఆమెకు తెలిపే జిమ్మేదారీ ఎవరిది?

ఫోన్‌కు రిపోర్టు వస్తుంది అన్నాను గదా, అందులో ఒక పేచీ ఉంది. మన ఇళ్లలో ఫోన్ నంబర్లు నెలకొకసారి మారతాయి, లేదంటే ఫోన్ పనికి పోయిన కొడుకు జేబులో ఉంటుంది. నమూనా ఇచ్చేటప్పుడు ఏ నంబర్ ఇస్తే అది ఇంట్లో ఉండే నంబర్ అయి ఉండాలి.

పేరు సంగతి అంతకన్నా పెద్దది. ఇది మనవాళ్ల ఖాస్ తక్లీఫ్. ఆధార్‌లో మొహమ్మద్, రేషన్ కార్డులో ఎండీ, ఓపీ చిట్టీలో మహ్మద్. అమ్మీ పేరు ఒకచోట బేగం, ఒకచోట బీ, ఇంకోచోట ఉన్నీసా. చిట్టీ రాసేవాళ్లు తొందరలో వినబడ్డట్టు కొడతారు. మామూలు జ్వరానికైతే నడిచిపోతుంది. అదే ఆపరేషన్ దాకా పోయి ఆరోగ్యశ్రీలో కేసు పెట్టాల్సి వస్తే, కాగజ్‌ల మీద ముగ్గురు వేర్వేరు మనుషులు కనబడతారు. చిట్టీ రాయించుకునేటప్పుడే ఆధార్ ముందు పెట్టి "ఇందులో ఉన్నట్టే రాయండి" అనండి. వెనక లైనువాళ్లు గొణిగినా సరే, ఆ ఒక్క నిమిషం నిలబడండి.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. దీనికోసం దవాఖానాలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. అడ్మిట్ అయిన మొదటి దినమే అక్కడికి పోవాలి. డిశ్చార్జ్ దినం పోయి అడిగితే చేసేదేమీ ఉండదు. స్కీంలో మీ జబ్బు ఉందా లేదా అన్నది వార్డులోని ఆయాలో, పక్క మంచం మరీజో చెప్పే మాట కాదు, అది మిత్రనే అడగాలి.

స్కానింగుల దగ్గర మనవాళ్లు పడే తిప్పలు ఇంకో రకం. కడుపు అల్ట్రాసౌండ్‌కు పరగడుపు కావాలి. గర్భసంచి, మూత్రాశయం చూడాలంటే దానికి ఉల్టా, నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకొని పోవాలి. ఈ రెండింటికీ ఫరక్ తెలియక ఎంతమంది ఆడవాళ్లు వాపస్ వస్తారో, ఆ గది బయట ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. రంగుమందు ఎక్కించి తీసే సీటీకి ముందు క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, అది చేతిలో లేకపోతే ఇంకో దినం పోతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా, దమ్ము ఉన్నా, ఇదివరకు ఏ సూదీ పడకపోయినా ముందే చెప్పాలి. హమల్ ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఎక్స్‌రేకు, సీటీకి ముందు సిగ్గుపడకుండా చెప్పాలి. ఎంఆర్ఐ గదిలోకి లోహం పోకూడదు. తావీజ్‌ల ఝగడా ఇక్కడే. వెండి తావీజ్, రాగి తావీజ్ మెడలో, దండకు, నడుముకు ఉంటాయి. తీయమంటే కొందరు ముసలివాళ్లు ఏడుస్తారు. తీయమనేవాళ్లు గసిరితే ఇంకా జిద్దుగా కూర్చుంటారు. ఇంట్లోనే తీసి, కాగితంలో చుట్టి, బిడ్డ చేతికిచ్చి పోతే ఆ ఘడియ సులువుగా గడుస్తుంది. బుర్ఖా మీది పిన్నులు, హుక్కులు కూడా మరవొద్దు. ఆడమనిషి దగ్గరుండాలని అడగడం మీ హక్, అడగడంలో బేఅదబీ ఏమీ లేదు.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే గళ్ల పరీక్ష, దాంతోపాటు టీబీ దవా, రెండూ ముఫ్త్. 2024 నవంబర్ నుంచి టీబీ మరీజ్‌కు తిండి ఖర్చు కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, ముందు అది 500 ఉండేది. బయట దవాఖానాలో ఇలాజ్ తీసుకుంటున్నా పేరు నమోదైతే అది దక్కాలి. పెళ్లి కావాల్సిన పిల్ల ఉందని నమోదుకే పోనివాళ్లు నాకు తెలుసు. ఆ భయానికి నక్షా చాలదు, దానికి వేరే మాట్లాడుకోవాలి.

రక్తం గురించి ఒక్క మాట. పైసలు తీసుకొని రక్తం ఇచ్చే ధందా మన ముల్క్‌లో 1998 జనవరి నుంచి బంద్. బ్లడ్ బ్యాంకు బయట ఎవరైనా "డోనర్‌ను చూపిస్త" అని రేటు మాట్లాడితే అది జుర్మ్. ఆపరేషన్ తారీఖు తెలిసిన దినమే నలుగురు జవాన్ పిల్లలను తయారుగా ఉంచుకుంటే ఆ దలాల్ మీ దగ్గరికి రాడు.

చివరి సేవ గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతా. జబ్బుతో దవాఖానాలో పోతే మయ్యత్‌ను ఇంటికి చేర్చే బండి తెలంగాణలో సర్కారీ దవాఖానాల్లో ముఫ్త్‌గా ఉంది. అది అడగకుండా ప్రైవేట్ బండివాడికి వేలు ఇచ్చుకునే ఘర్‌వాళ్లను చూసిన. హాదసా లాంటి కేసైతే పోలీసు పంచనామా, ఆ తర్వాత పోస్టుమార్టం తప్పవు. జనాజా జల్దీ కావాలని మనకు తడప్ ఉంటుంది. ఆ తొందరలో మార్చురీ ముందు అరిచే బదులు, ఒకరు పోలీసు స్టేషన్ దగ్గర, ఒకరు మార్చురీ దగ్గర నిలబడి కాగజ్ వెంట నడవాలి. సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం చేయకూడదన్న పాత కాయిదాను కేంద్రం 2021 నవంబర్‌లో మార్చింది. సౌలత్‌లున్న దవాఖానాల్లో రాత్రి కూడా చేయొచ్చు. హత్య, ఖుద్‌కుషీ, అత్యాచారం, అనుమానాస్పద మౌత్ లాంటివాటికి మాత్రం ఈ వెసులుబాటు మామూలుగా లేదు. ఇది తెలిసినవాడు మర్యాదగా అడగగలడు. తెలియనివాడు గోడకు తల ఆనించి తెల్లారేదాకా కూర్చుంటాడు.

ఇదంతా మరీజ్ తెలుసుకోవాలా, దవాఖానా చెప్పాలా? నా రాయ్ సాఫ్. దవాఖానా చెప్పాలి. "స్టాఫ్ తక్కువ, రద్దీ ఎక్కువ, ఎవరికని చెప్తాం" అంటారు. అబద్ధం కాదు, నర్సులు, ల్యాబ్ వాళ్లు పడే మెహనత్ చూస్తూనే ఉన్నాం. రద్దీ ఉన్నందుకే కాగజ్ కావాలి. ఒకే సవాల్‌కు దినానికి ఐదు వందలసార్లు జవాబ్ చెప్పే బదులు, ఓపీ చిట్టీ వెనక ఖాళీగా ఉన్న జాగాలో అది అచ్చేయొచ్చు. ఏ పరీక్ష ఏ గదిలో, ఎన్ని గంటలదాకా, పరగడుపా కాదా, రిపోర్టు ఎప్పుడు, ఫిర్యాదు ఎవరికి. అచ్చు ఎట్లాగూ వేస్తున్నారు, సియాహీ ఇంకొంచెం ఎక్కువవుతుంది, అంతే. తెలుగులోనూ ఉర్దూలోనూ. 2017 నవంబర్‌లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేస్తూ చట్టం చేశారు. ఆ చట్టం మంత్రుల నేమ్‌ప్లేట్ల మీద కన్నా ఎక్స్‌రే గది దర్వాజా మీద ఎక్కువ పనికొస్తుంది. మా ఖాలా తరం ఆడవాళ్లు చాలామంది మద్రసాలో నేర్చిన ఉర్దూ తప్ప వేరే అక్షరం చదవలేరు. చదువే రానివాళ్ల కోసం నేల మీద రంగుగీతలు గీయొచ్చు, ఎర్రగీత వెంట పోతే ఖూన్, నీలంగీత వెంట పోతే ఎక్స్‌రే.

మనవాళ్లకూ ఒక షికాయత్ చెప్పాలి. మస్జిద్ కమిటీల్లో, బైతుల్‌మాల్‌లో ఇలాజ్ కోసం చందాలు బాగానే పోగవుతాయి. అందులో ఎంత సొమ్ము బయటి ల్యాబుల బిల్లులకు పోతుందో ఒకసారి హిసాబ్ తీయండి. లోపల ముఫ్త్‌గా అయ్యే స్కానింగ్‌కు బయట జకాత్ పైసలు కట్టడం నాకు మింగుడు పడదు. దానికి బదులు వారానికి మూడు పొద్దులు ఇద్దరు జవాన్‌లను దవాఖానా గేటు దగ్గర నిలబెట్టండి. టోపీ ఉన్నవాళ్లకే కాదు, వచ్చిన ప్రతి మరీజ్‌కూ రాస్తా చూపిస్తారు.

దవాఖానా తన నక్షా ఇచ్చేదాకా, రేపు పోయేవాళ్లు ఇవి సంచిలో వేసుకోండి: ఆధార్, రేషన్ కార్డు, వాటి రెండేసి జిరాక్సులు, పాత రిపోర్టులు తారీఖుల వరసలో, ఇప్పుడు వేసుకుంటున్న దవాల ఖాళీ పత్తాలు, నీళ్ల సీసా, పరీక్ష అయినాక తినడానికి రెండు రొట్టెలు, ఒక పెన్ను. డిశ్చార్జ్ అయినాక కేస్ షీట్ నకలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళిలో 2002 నుంచీ ఉంది. దరఖాస్తు మీద వాళ్ల ముహర్ వేయించుకొని, ఆ జిరాక్సు మీ దగ్గర పెట్టుకోండి.