వెన్ను కదలనివ్వకండి: నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాలకు బహిరంగ లేఖ

నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ప్రిన్సిపాల్ గారికి, ప్రభుత్వ సర్వజన వైద్యశాల సూపరింటెండెంట్ గారికి,

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా 40వ జాతీయ రహదారి మీద బండి బోల్తాపడినా, మిద్దె మీంచో చింతచెట్టు మీంచో మనిషి జారిపడినా జనం చూసేది మీ ఆసుపత్రి వైపే. 2023లో కళాశాల మొదలయ్యాక ఆ ఆశ ఇంకా పెరిగింది. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలని కొడుకు పక్కన నిలబడి, నరాలకు బలమిచ్చే మందేదైనా రాయమని అడగని తల్లి ఉండదు. ఆమెకు యాంటీఆక్సిడెంట్ల చీటీ ఇచ్చి పంపకండని, మొదటి గంటల మీదే మీ శక్తినంతా పెట్టండని కోరుతున్నాను.

ఆ మందుల వెనకున్న ఆలోచన తప్పు కాదు. దెబ్బ తగిలిన క్షణంలో చచ్చే కణాలు కొన్నే. కారిన నెత్తురులోని ఇనుము, నెత్తురు అందని కణజాలం ఫ్రీ రాడికల్స్ అనే, కణాలను ఆక్సీకరించే అణువులను పుట్టిస్తాయి. వెన్నుపాములో కొవ్వు ఎక్కువ, అవి దాన్ని ఆక్సీకరిస్తాయి. గడ్డివామికి నిప్పంటుకున్నట్టు ఆ నష్టం గంటల తరబడి పాకుతూ పోతుంది. దాన్ని అడ్డుకునే యాంటీఆక్సిడెంటైన విటమిన్-ఇ పిల్లుల మీద పనిచేసింది నిజమే, కానీ దెబ్బకు ముందే కొన్ని రోజులపాటు ఇస్తే. చెట్టు మీంచి పడబోతున్నానని ముందే తెలిసి మందు మింగేదెవరు? మనుషుల సంగతి చూస్తే, అమెరికాలో 487 మందిపై జరిగి 1990లో ఫలితాలు వెలువడిన పరీక్షలో కొవ్వు ఆక్సీకరణను ఆపుతుందని మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ ఇచ్చారు. అందరినీ కలిపి చూస్తే తేడా తేలలేదు. 8 గంటల్లోపు మందు అందినవారిని విడదీసి చూస్తేనే కొంత మెరుగు కనిపించింది. 499 మందితో జరిగి 1997లో ఫలితాలు వెలువడిన మరో పరీక్షలో, ఆక్సీకరణను ఆపడానికే తయారుచేసిన టిరిలాజాడ్‌ను పరీక్షించారు. అది 24 గంటల స్టీరాయిడ్‌తో దాదాపు సమానమని తేలింది. అయితే మందే ఇవ్వని గుంపు ఆ పరీక్షలో లేదు. మేలు చేస్తుందో లేదో తేలని మందుతో సమానమైతే రుజువైనట్టెలా అవుతుంది?

ఏమీ ఇవ్వకపోవడం కంటే ఏదో ఒకటి మేలు కదా అనేవారున్నారు. కానీ అదే 1997 పరీక్షలో స్టీరాయిడ్‌ను 48 గంటలు ఇచ్చినవారిలో తీవ్రమైన న్యుమోనియా, సెప్సిస్ ఎక్కువగా వచ్చాయి. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దాన్ని వాడవద్దన్నాయి; 2017 నాటి అంతర్జాతీయ సూచనలు 8 గంటల్లోపు మొదలుపెట్టి 24 గంటలు ఇవ్వడాన్ని ఒక వీలుగా మిగిల్చాయి. కాబట్టి నిషేధించమనడం లేదు. రెండు వైపులా ఉన్న సంగతి ఇంటివారికి తెలుగులో చెప్పి, వారి మాట తీసుకోండి. విటమిన్ మాత్రలతో ప్రాణం పోదు నిజమే. కానీ పుండ్లు పడకుండా కాపాడే పరుపుకు, మూత్రం గొట్టానికి, ఫిజియోథెరపీకి దాచుకోవాల్సిన డబ్బు వాటికే కరిగిపోతుంది.

వెన్ను కదలకుండా పలక మీద కట్టి తేవడం, రక్తపోటు పడిపోనివ్వకపోవడం, ఆక్సిజన్ అందించడం: నెత్తురు అందక రాజుకునే ఆ నిప్పును మొదట్లోనే అడ్డుకునేవి ఇవే. వెన్నుపాము మీది ఒత్తిడిని 24 గంటల్లోపు ఆపరేషన్‌తో తీసేస్తే ఎక్కువమంది కోలుకున్నారని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కానీ ఆ గంటలు దారిలోనే కరిగిపోతాయి. ఆళ్లగడ్డ-నంద్యాల రోడ్డు మీదే 2014 ఏప్రిల్‌లో కారు బోల్తాపడినప్పుడు ఆళ్లగడ్డ నాయకురాలు శోభా నాగిరెడ్డిని సైతం హైదరాబాదు దాకా తరలించాల్సి వచ్చింది. కూలివాడికి అంత దూరం ఎవరు తీసుకెళ్తారు? ఏ గాయాన్ని నంద్యాలలో ఉంచాలో, దేన్ని వెంటనే కర్నూలు పంపాలో ఒక కాగితం మీద రాసి 108 సిబ్బందికి ఇవ్వండి. పడినవాణ్ని కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తవద్దని ఆళ్లగడ్డ ఆటో స్టాండు దాకా మీ విద్యార్థులను పంపి నేర్పించండి.