కాకిని కొట్టొద్దు, కంకులు కట్టండి

మా కల్లూరులో పిచ్చుకలకని వాకిట్లో నూకలు చల్లుతాం. కాకులు, పావురాలు వచ్చి వాటిని తరిమేస్తాయి. వెంటనే పిల్లలు ఉండేలు తీస్తారు, పెద్దలు "కొట్టరా!" అంటారు. ఇదేం న్యాయం? పెద్దల దినాల్లో పిండం ముట్టమని ఆ కాకినే బతిమాలతాం కదా!

తప్పు కాకిది కాదు, మనది. నేలమీద చల్లితే బలమున్నదే తింటుంది. మా అవ్వ వరికంకుల కుచ్చు అల్లి చూరుకు వేలాడగట్టేది. పిచ్చుక తేలిక, కంకి పట్టుకొని వేలాడుతూ తింటుంది. పావురం అక్కడ నిలవలేదు. ఎంగిలి అన్నం వాకిట్లో పారేయకుంటే కాకులూ తగ్గుతాయి.

తుంగభద్ర కాలువ కింద వరి పండే జిల్లా మనది. ఒక్క కుచ్చుకు కంకులు కరువా? మార్చి 20న పిచ్చుకల దినోత్సవానికి ఉపన్యాసాలు వద్దు. ఇంటికో కుచ్చు కట్టండి, ఉండేలు పొయ్యిలో వెయ్యండి!