విద్వాంసులపై రాజదండము

పదునేడవ శతాబ్దమున ఆదోని నేలిన సిద్ది మసూద్ ఖాను పరమతస్థుడయ్యును, శ్రీ రాఘవేంద్రస్వామివారికి మంచాల గ్రామమును సమర్పించెనని ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు. స్వామివారు శాస్త్రజ్ఞులే గాక వైణికులు కూడ. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. విద్వాంసుని ఆదరించుటకు అతడు తనవాడై యుండనక్కరలేదని యెరిగిన ఆదోని, ఎమ్మిగనూరు వాసులు, సోవియటు రష్యాలో విద్యావంతులకును సంగీతజ్ఞులకును జరిగినదానిని తెలిసికొనవలసి యున్నది.

అందు బలియైనవారిలో మన హైదరాబాదు బిడ్డయు నొకడు. సరోజినీదేవి తమ్ముడు వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు 1880లో అచ్చట జన్మించి, బ్రిటిషువారి నెదిరించుచు విదేశములయందే జీవితమును గడపి, తుదకు సామ్యవాదమును నమ్మి రష్యా చేరెను. లెనిన్‌గ్రాడున మానవజాతిశాస్త్ర పరిశోధన సాగించుచుండగా 1937 జూలైలో నిర్బంధింపబడెను. ఆగస్టు 31న స్టాలిను, మోలొటోవు, ఝ్దానోవు మొదలగువారు చేవ్రాలు చేసిన మరణపట్టికలో ఆయన పేరుండెను. సెప్టెంబరు 2న తీర్పును వధయు ఒక్కనాడే ముగిసినవి. ఆదోని వర్తకుడు ఒక్క బండి ప్రత్తిని బేరమాడుటకైనను ఇంతకంటె తీరికగా ఆలోచించును!

ఆ ఝ్దానోవే 1948లో సంగీతమునకును తీర్పరియయ్యెను. షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్, ఖచతూర్యాన్ ప్రభృతుల సంగీతము ప్రజావిరుద్ధమని ఫిబ్రవరి 10న పార్టీ కేంద్రసంఘము తీర్మానించెను. షొస్తకోవిచ్ ఆచార్యపదవిని గోల్పోయి, తన తప్పును బహిరంగముగ నొప్పుకొనవలసి వచ్చెను. ఆ నిందలు అన్యాయములని 1958లో పార్టీయే అంగీకరించినది. కాని ప్రొకోఫియెవ్ 1953లోనే గతించెను.

శ్రామికుల మేలునకై ఇట్టి కాఠిన్యము తప్పదని వాదించువారు గలరు. వీరేంద్రనాథుని చంపిన మరుసటి యేటనే, 1938లో, మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. అందులకై యే గాయకుని నోరు నొక్కవలసి వచ్చెను?

మన ప్రభుత్వములు నిర్దోషులని మే మనము. 1940వ దశకమున 'మాభూమి' నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించుట నిస్సంశయముగ తప్పే. అయితే దానిని గర్హించిన నోటితోనే మాస్కో కృత్యములనుగూడ గర్హింపవలదా? వీరేంద్రనాథుని తమ్ముడు, కవియు గాయకుడునైన హరీంద్రనాథుడు 1952లో కమ్యూనిస్టుల మద్దతుతో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఆయనకు వోటిచ్చినవారిలో, ఆయన యన్నను పదునైదేండ్లకు పూర్వము చంపినది ఎవరో యెరిగినవా రెందరు?