సొంత పనికి వెన్నుదన్ను ఏదీ?

దేశంలో పనిచేసేవారిలో నూటికి 58 మంది స్వయం ఉపాధిలో ఉన్నారని 2023-24 పీరియాడిక్‌ లేబర్‌ ఫోర్స్‌ సర్వే లెక్క తేల్చింది. 2017-18లో ఈ సంఖ్య 52. అదే కాలంలో నెల జీతం అందుకునేవారు 23 శాతం నుంచి 22కు తగ్గారు. పైపైన చూస్తే జనం ఉద్యోగం వదిలి సొంత పనికి మొగ్గుతున్నట్లే అనిపిస్తుంది. ఆ 58 మందిని విడదీసి చూస్తే మాత్రం సంగతి వేరు. వారిలో 19 మంది ఇంటి పొలంలోనో, ఇంటి దుకాణంలోనో పైసా జీతం లేకుండా పనిచేసేవారు. మిగతావారిలోనూ అధికులు కూరగాయల బండి, కుట్టుమిషను, కిరాణా కొట్టు, కొద్దిపాటి సేద్యం మీద బతుకుతున్నవారే. స్వయం ఉపాధిలో సగటు నెల సంపాదన 13 వేల పైచిలుకు కాగా, జీతగాళ్లది 20 వేల పైచిలుకు.

అయినా ఉద్యోగమా, సొంత పనా అనే చర్చ మన ఇళ్లలో, కాలేజీల్లో ధైర్యం చుట్టూనే తిరుగుతోంది. తెగువ ఉన్నవాడు వ్యాపారంలోకి దిగుతాడు, లేనివాడు జీతానికి కుదురుతాడు అన్నట్లు మాట్లాడుతున్నారు. నష్టం వస్తే ఎవరు భరిస్తారన్న ప్రశ్న అడిగేవారు తక్కువ.

నెలకు 15 వేల రూపాయల జీతం ఉన్న కార్మికుణ్నే తీసుకుందాం. అతని భవిష్యనిధికి యజమాని 12 శాతం చొప్పున 1,800 రూపాయలు జమ చేయాలి. ఈఎస్‌ఐకి 3.25 శాతం, అంటే దాదాపు 490 రూపాయలు కట్టాలి. అయిదేళ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి. అది నెలకు సుమారు 720 రూపాయలతో సమానం. అన్నీ కలిపితే జీతంపై మరో మూడు వేలు. అతనితో సమానంగా నిలబడాలంటే సొంత దుకాణదారుకు ఖర్చులు పోను 18 వేలు మిగలాలి. జ్వరమొచ్చి షట్టరు దించిన రోజు ఆదాయం ఉండదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే మిగలాలి.

జీతగాళ్లందరికీ ఈ రక్షణ ఉందనుకోవడమూ పొరపాటే. వారిలో సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందమే లేదు. పీఎఫ్‌ లేని ఉద్యోగం, పెట్టుబడి లేని వ్యాపారం... ఎంచుకోవడానికి చాలామంది ముందున్నవి ఈ రెండే.

మరి సొంత పని ఎక్కడ నిలదొక్కుకుంది? హైదరాబాద్‌ ఔషధ పరిశ్రమ చరిత్రలో జవాబు దొరుకుతుంది. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి 1969లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగంలో చేరారు. మందుల తయారీ లోతుపాతులు అక్కడే నేర్చుకుని 1975లో బయటికొచ్చారు. భాగస్వాములతో కలిసి రెండు సంస్థలు నడిపాక, 1984లో డాక్టర్‌ రెడ్డీస్‌ను స్థాపించారు. ఆయన తెగువ కాదనలేనిది. దానికి తోడు ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఫ్యాక్టరీ ఇచ్చిన నైపుణ్యం ఉంది. మందుపై కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతిపైనే హక్కు ఇచ్చిన 1970 పేటెంట్ల చట్టం తెరిచిన మార్కెట్‌ ఉంది. ఉద్యోగం ఆయన వ్యాపారానికి బడి అయింది.

సిరిసిల్లలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి మరమగ్గాల ‘ఆసామి’ పేరుకు యజమాని. నూలు సేటు దగ్గర్నుంచి వస్తుంది, నేసిన బట్ట సేటుకే వెళ్తుంది, మీటరుకు ఎంతన్నది ఆసామి చేతిలో ఉండదు. మగ్గం, షెడ్డు, కరెంటు బిల్లు, కార్మికుడి కూలీ మాత్రం అతని నెత్తినే ఉంటాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్లు పని కల్పించింది. అది ఆగిపోయాక 2024లో మగ్గాలు మూగబోయాయి, అప్పులు మిగిలాయి. కార్మికుణ్ని యజమానిగా మార్చాలని ప్రభుత్వం పెద్దూరులో ‘వర్కర్‌ టు ఓనర్‌’ పథకం తలపెట్టింది. ఆశయం మంచిదే. కానీ కొనేవాడు ఒక్కడే అయినచోట మగ్గం ఎవరి పేరిట ఉన్నా ధర చెప్పేది అతనే. ఫుడ్‌ డెలివరీ యువకుడిదీ ఇదే స్థితి: బండి, పెట్రోలు తనవి, రేటు మాత్రం యాప్‌ది.

చదువు ముగించిన యువతకు ముద్ర రుణం, స్టార్టప్‌ శిక్షణ చూపించి బాధ్యత తీరిందనుకోవడం అన్యాయం. అప్పు పెట్టుబడి అవుతుంది కానీ రక్షణ కాదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌ గిగ్‌ కార్మికుల కోసం యాప్‌ సంస్థల టర్నోవర్‌లో ఒకటి, రెండు శాతం వసూలుకు వీలిచ్చింది. అసంఘటిత కార్మికులకూ ఈఎస్‌ఐ తరహా వైద్యం అందించే పథకానికి అందులోని 45వ సెక్షన్‌ దారి చూపింది. ఆ పథకంలోకి ముందుగా తీసుకోవాల్సింది దర్జీలను, ఆసాములను, బండివాళ్లను. భవిష్యనిధి లాంటి ఖాతా ఉద్యోగం నుంచి సొంత పనికి, మళ్లీ ఉద్యోగానికి మనిషితోపాటే సాగాలి. సొంత పనిలో ఉన్నన్నాళ్లూ యజమాని వాటా స్థానంలో ప్రభుత్వ వాటా పడాలి. ఇందుకు డబ్బు ఖర్చవుతుంది, నిజమే. ఆ రక్షణ లేనప్పుడు అదే ఖర్చును వడ్డీలకు తెచ్చి కుటుంబాలు కడుతున్నాయి.

రక్షణతోపాటు చేసిన పనికి డబ్బు సకాలంలో అందడమూ ముఖ్యమే. చిన్న ఉత్పత్తిదారుల బకాయిలను 45 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఉన్న ఒక్క కొనుగోలుదారుపై కేసు వేసే సాహసం ఎంతమంది చేయగలరు? కాబట్టి చీరలూ యూనిఫాం బట్టలూ కొనే రాష్ట్ర ప్రభుత్వాలే ముందు ఆ గడువు పాటించాలి. ఏ బిల్లు ఏ తేదీన చెల్లించారో జిల్లాలవారీగా బయటపెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే ఆర్డరుతోనే మొదలుపెట్టవచ్చు.