అరిగిన యాక్సిలరేటర్ వైరును తక్కువగా చూడొద్దు

చిక్కబళ్లాపురం జిల్లా వ్యవసాయ శాఖ సంయుక్త సంచాలకుల వారికి

అయ్యా,

బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పాత ట్రాక్టర్లను నమ్ముకున్న సన్నకారు రైతుల తరఫున ఈ లేఖ. స్టీరింగు పక్కనుండే చేతి యాక్సిలరేటర్ వైరు అరిగితే లోపలి తీగ పోగులు విడిపోతాయి, లివరు పూర్తిగా తోసినా ఇంజను కావలసిన వేగం అందుకోదు. నూర్పిడి మిషన్లలో చాలావరకు, వాటిని తిప్పే ట్రాక్టరు పీటీవో ఇరుసు నిమిషానికి 540 చుట్ల వేగంతో తిరగాలన్న లెక్కన తయారైనవే. ఆ వేగం పడిపోతే రాగి కంకుల నుంచి గింజలు సరిగా రాలవు. తీగ తొడుగులో ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం: లివరు వెనక్కి లాగినా ఇంజను జోరు తగ్గదు. మిషను పక్కన కంకులు అందించే కూలీల ప్రాణాల మీదికొస్తుంది.

వైరు మార్చడం పెద్ద పని కాదు. పాతదాని పొడవు కొలిచి అదే కొలతది తేవాలి. ఎక్కడా మడత పడకుండా, సైలెన్సరుకు తగలకుండా అమర్చాలి. చేతి లివరు పూర్తిగా వెనక్కి తీస్తే ఇంజను ఐడిల్‌కు రావాలి, ముందుకు తోస్తే డీజిల్ పంపు లివరు స్టాపరు దాకా పోవాలి. అయితే పాత మోడలుకు సరైన వైరు దొరక్క, బైకు బ్రేకు తీగ కట్టి నెట్టుకొస్తున్నవాళ్లున్నారు.

మా మనవి ఇది. రాగి కోతలకు ముందే ప్రతి హోబళి రైతు సంపర్క కేంద్రంలో ఒకరోజు ట్రాక్టర్ తనిఖీ శిబిరం పెట్టండి. కురుబూరు కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా పల్లె మెకానిక్కులకు శిక్షణ ఇప్పించండి. పాత మోడళ్ల వైర్లు తాలూకా కేంద్రాల్లో దొరికేలా డీలర్లకు చెప్పండి. కొత్త యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే శాఖ, పాత యంత్రాల భద్రతను కూడా తన బాధ్యతగా తీసుకోవాలి.

ఇట్లు
బాగేపల్లి తాలూకా రైతు